ఆదివారం అమ్మకం తగ్గిందా?



ఒక మిఠాయి కొట్టు ఉందనుకుందాం. కొట్టూ దాని అంకెలూ లెక్క అర్థం కావడానికి కల్పించినవే. అక్కడ జరిగేది మాత్రం ఏ ఊరి బజారులోనైనా జరిగేదే. యజమాని లెక్క పక్కాగా రాసే మనిషి. వారం తిరిగాక చిట్టా కూడి చూసుకుంటే 280 కిలోల సరుకు అమ్ముడైంది. ఏడుతో భాగిస్తే రోజుకి 40. ఇంకేం, రోజూ 40 కిలోలు చేయమని వంటమాస్టరుకి చెప్పేశాడు.

తర్వాతి వారం రెండు ఫిర్యాదులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. సరుకు మిగిలిపోయి పాడవుతోందని వంటమాస్టరు. సరుకు చాలక బేరాలు పోతున్నాయని కౌంటరు దగ్గర కుర్రాడు. ఇద్దరిదీ నిజమే. చిట్టాలో రోజువారీగా చూస్తే సోమవారం 28 కిలోలు, మంగళవారం 30, బుధవారం 27, గురువారం 31, శుక్రవారం 34. శనివారం ఒక్కసారిగా 58, ఆదివారం 72. అంటే వారం మొత్తంలో ఏ ఒక్క రోజూ సరిగ్గా 40 కిలోలు అమ్మలేదు. రోజుకి 40 చొప్పున చేస్తే శుక్రవారం దాకా 50 కిలోలు మిగులు, శని ఆదివారాల్లో మళ్లీ అదే 50 కిలోల కొరత.

భాగహారంలో తప్పు లేదు. ఆ సగటును ఏ పనికి వాడామన్న దగ్గరే తేడా వచ్చింది. నెలకి ఎంత పంచదార, ఎంత నెయ్యి తెప్పించాలో తేల్చుకోవడానికి ఆ 40 బాగా పనికొస్తుంది. రేపు పొద్దున ఎంత చేయాలో మాత్రం అది చెప్పలేదు. ఏడు అంకెలనూ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా పేర్చి సరిగ్గా మధ్యదాన్ని పట్టుకుంటే 31 వస్తుంది. దాన్ని మధ్యగతం అంటారు. మామూలు రోజు ఎలా ఉంటుందో చెప్పడానికి 40 కన్నా అది నయం. అయితే శని ఆదివారాల ఊసు అందులోనూ లేదు. ఏడు రోజులకి ఏడు చుక్కలు పెట్టి గీత కలిపితే ఏ సూత్రమూ అక్కర్లేకుండా విషయం బయటపడుతుంది. ఐదు రోజులు నేలబారుగా సాగిన గీత చివరి రెండు రోజుల్లో నిటారుగా పైకి లేస్తుంది. రేడియోలో బొమ్మ చూపించలేం కాబట్టి, శ్రోతలు చేతికందిన కాగితం మీద ఆ ఏడు చుక్కలూ పెట్టి చూడవచ్చు.

వ్యాపారం లెక్కల్ని ఇలా గీతల్లో పెట్టడం ఎప్పటినుంచో ఉన్న అలవాటని అనిపిస్తుంది గానీ, దాని వయసు రెండున్నర శతాబ్దాలు కూడా లేదు. 1786లో విలియం ప్లేఫేర్ అనే స్కాట్లండ్ మనిషి లండన్‌లో ‘కమర్షియల్ అండ్ పొలిటికల్ అట్లాస్’ అనే పుస్తకం వేశాడు. పేరుకి అట్లాసే గానీ అందులో దేశపటాలు లేవు. ఉన్నవి 44 చార్టులు. ఇంగ్లండుకి ఏ దేశంతో ఎంత ఎగుమతి, ఎంత దిగుమతి, ఏళ్లు గడిచేకొద్దీ అది ఎలా మారింది అన్నదే వాటిలో ముఖ్యమైన విషయం. డెన్మార్క్, నార్వేలతో 1700 నుంచి 1780 దాకా జరిగిన వ్యాపారం చార్టు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. మొదట్లో దిగుమతి గీత పైన ఉంటుంది, ఎగుమతి గీత కింద. 1750 దాటాక రెండూ ఒకదాన్నొకటి దాటి తారుమారవుతాయి. రెండు గీతల మధ్య ఖాళీకి రంగు వేసి, ఇక్కడిదాకా ఇంగ్లండుకి నష్టం, ఇక్కడినుంచి లాభం అని ప్లేఫేర్ రాసిపెట్టాడు. ఎనభై ఏళ్ల పద్దు పుస్తకాలు అరపేజీలో ఇమిడిపోయాయి.

ఈ ఆలోచన ఆయనకి ఊరికే పుట్టలేదు. తండ్రి పోయాక చదువు చెప్పించిన అన్న జాన్, రోజూ థర్మామీటరు చూసి ఉష్ణోగ్రతను గీతగా గీయమని చిన్నప్పుడే అలవాటు చేశాడు. ఆ తర్వాత విలియం ఆవిరి యంత్రం జేమ్స్ వాట్ దగ్గర నమూనా చిత్రాలు గీసే పని చేశాడు. బార్ చార్టు పుట్టుక ఇంకా తమాషా. స్కాట్లండ్ వ్యాపారం గురించి ప్లేఫేర్‌కి ఒకే ఒక్క ఏడాది లెక్కలు దొరికాయి. ఒక్క ఏడాదితో గీత గీయలేడు కదా. అందుకని 17 దేశాలకి అడ్డంగా పట్టీలు గీసి, ఇది కాలగతిని చూపించదు కాబట్టి మిగతావాటికన్నా తక్కువరకమేనని తనే ఒప్పుకున్నాడు. ఇవాళ ఆఫీసుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఆ తక్కువరకమే! 1801లో మరో పుస్తకంలో, గుండ్రటి బొమ్మని ముక్కలుగా కోసి చూపే ‘పై చార్టు’ కూడా ఆయనే మొదలెట్టాడు. ఇంత చేసినవాడు సొంత వ్యాపారాల్లో మాత్రం వరసగా చేతులు కాల్చుకున్నాడు. చార్టు గీయడం వేరు, డబ్బు నిలబెట్టుకోవడం వేరు మరి.

బొమ్మ గీయకుండా అంకెల్ని నమ్మితే ఏమవుతుందో 1973లో ఫ్రాంక్ ఆన్‌స్కోంబ్ అనే సాంఖ్యకుడు చూపించాడు. పదకొండేసి జతల అంకెలతో నాలుగు పట్టికలు తయారుచేశాడు. నాలుగింటిలోనూ సగటులు ఒకటే, అంకెల చెదురుదనం ఒకటే, రెండు వరసల మధ్య సంబంధం ఒకటే, చివరికి వాటి మధ్య గీసే సరళరేఖ కూడా ఒకటే. కంప్యూటరు ఇచ్చే సారాంశం చూస్తే నాలుగూ కవలలనిపిస్తాయి. చుక్కలు పెట్టి చూస్తే ఒకటి మామూలుగా చెదిరిన గుంపు, ఇంకొకటి నున్నగా వంగిన విల్లు. మూడోది తిన్నని గీతే గానీ ఒక్క చుక్క దారి తప్పి ఎక్కడో ఉంది. నాలుగోదాంట్లో పది చుక్కలు నిలువుగా ఒకేచోట పేరుకుంటే, దూరంగా ఉన్న ఒక్క చుక్క మొత్తం లెక్కని తనవైపు లాగేసింది.

మళ్లీ మన మిఠాయి కొట్టుకి. ఇప్పుడు యజమాని తెలివిమీరాడు. ఏ రోజు లెక్క ఆ రోజుకే చూస్తున్నాడు. ఒక ఆదివారం 72 కిలోలు అమ్మాడు. ఆ పై ఆదివారం 66. ఆరు కిలోలు తగ్గింది! ఎదురుగా కొత్త బేకరీ తెరిచారనా? కౌంటరు కుర్రాడు బేరగాళ్లతో సరిగా మాట్లాడటం లేదా? నెయ్యి మార్చినందుకా? కారణాలు వెతికితే ఎన్నైనా దొరుకుతాయి. నెలనెలా జరిగే సేల్స్ మీటింగుల్లో సగం కాలం ఇలాంటి కారణాలకే ఖర్చవుతుంది. పోయిన నెల కన్నా ఈ నెల మూడు శాతం తగ్గిందంటే ఏరియా మేనేజరు సంజాయిషీ చెప్పుకోవాలి. మూడు శాతం పెరిగితే అదే మేనేజరుకి చప్పట్లు. రెండుసార్లూ ఆయన చేసింది ఏమీ లేకపోవచ్చు.

ఈ తలనొప్పికి మందు కనిపెట్టినవాడు వాల్టర్ షూహార్ట్. అమెరికాలో టెలిఫోన్ పరికరాలు తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసేవాడు. 1924 మే 16న పైఅధికారికి ఒక్క పేజీ కాగితం రాసి ఇచ్చాడు. అందులో మూడోవంతు బొమ్మే. మధ్యలో ఒక గీత, పైన ఒక హద్దు, కింద ఒక హద్దు. ఏ పనిలోనైనా మామూలుగా ఉండే హెచ్చుతగ్గులు కొన్ని ఉంటాయి. వాటికి విడివిడిగా కారణం వెతకడం దండగ. హద్దు దాటిన చుక్కకి మాత్రం ఏదో ప్రత్యేక కారణం ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి. ఆయన చెప్పిందల్లా ఇంతే. మామూలు ఊగిసలాటకి కంగారుపడి యంత్రాన్ని సర్దుతూ పోతే నాణ్యత బాగుపడదు సరిగదా ఇంకా చెడుతుందని కూడా ఈ పద్ధతి నేర్పింది.

కొట్టు ఆదివారాలకి దీన్ని వేసి చూద్దాం. ఎనిమిది ఆదివారాల అమ్మకాలు ఇలా ఉన్నాయనుకుందాం: 72, 66, 70, 75, 68, 71, 64, 74. సగటు 70. ఇక ఒక ఆదివారానికీ పక్క ఆదివారానికీ తేడా ఎంతో, పెరిగిందా తగ్గిందా అన్నది పట్టించుకోకుండా రాసుకోవాలి. 72కీ 66కీ తేడా 6. 66కీ 70కీ 4. అలా వరసగా 6, 4, 5, 7, 3, 7, 10. మొత్తం 42, ఏడుతో భాగిస్తే తేడాల సగటు 6. దీన్ని 2.66తో గుణించాలి. ఆ 2.66 ఎక్కడిదన్న సంగతి నాణ్యత నియంత్రణ పుస్తకాల్లో ఉంటుంది, ఇక్కడ వదిలేద్దాం. దాదాపు 16 వస్తుంది. 70కి 16 కలిపితే 86, తీసేస్తే 54. ఆదివారం అమ్మకం 54కీ 86కీ మధ్య ఎక్కడున్నా ఆ కొట్టుకి అది మామూలు ఆదివారమే. 66 వచ్చిందని కుర్రాణ్ణి మందలించడం అన్యాయం. 74 వచ్చిందని కొత్త బోర్డు మహిమ అనుకోవడం అమాయకత్వం. ఒక ఆదివారం 48కి పడిపోతే మాత్రం కుర్చీలోంచి లేవాల్సిందే. ఈ లెక్కకి కావలసింది కూడిక, తీసివేత, రెండు భాగహారాలు, ఒక గుణకారం. ఎనిమిదో తరగతి పిల్లలు చేయగలరు.

షూహార్ట్ 1947, 48 ప్రాంతంలో మన దేశానికీ వచ్చాడు. కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ పిలిపించాడు. షూహార్ట్ దేశమంతా తిరిగి ఫ్యాక్టరీలవాళ్లతో ఈ పద్ధతుల గురించి మాట్లాడాడు. ఆ సంస్థకి చెందిన నాణ్యత నియంత్రణ విభాగం హైదరాబాద్ హబ్సిగూడలోనూ ఉంది. పరిశ్రమల్లో ఉద్యోగం చేసేవాళ్లకి అక్కడ శిక్షణ ఇస్తారు. ఆ దారిన పోయేవాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

హద్దులు గీయాలంటే కాస్తో కూస్తో పాత లెక్కలుండాలి. ఉన్నవి నాలుగే నాలుగు అంకెలైతే? చిన్న వ్యాపారికి ఎప్పుడూ ఉండే ఇబ్బంది అదే. సాంఖ్యక శాస్త్రంలో ఈ ముడి విప్పినవాడు విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు కాడు, బీరు కంపెనీ ఉద్యోగి.

విలియం సీలీ గాసెట్ ఆక్స్‌ఫర్డ్‌లో రసాయన శాస్త్రం, గణితం చదివి 1899లో డబ్లిన్‌లోని గిన్నిస్ కంపెనీలో చేరాడు. బీరు తయారీకి బార్లీ గింజల్ని మొలకెత్తించి ఎండబెట్టిన మాల్ట్ కావాలి. ఏ రకం మాల్ట్ నుంచి ఎంత సారం దిగుతుందో పరీక్షించాలి. ఒక్కో పరీక్షకి కాలమూ పడుతుంది, డబ్బూ పడుతుంది. బార్లీ పంటైతే ఏడాదికి ఒకసారే చేతికొస్తుంది. ఆనాటి సాంఖ్యక సూత్రాలన్నీ వందల కొద్దీ కొలతలు చేతిలో ఉన్నాయన్న భరోసాతో తయారైనవి. గాసెట్ దగ్గరున్నవి మూడో నాలుగో. మరి నాలుగు పరీక్షల సగటుని ఎంతవరకు నమ్మవచ్చు? ఇదీ ఆయన ప్రశ్న. 1904లో కంపెనీకి ఇచ్చిన నివేదికలో దీనికి వ్యాపారి భాషలోనే జవాబు చెప్పాడు. మనకి కావలసిన దగ్గరితనంతో జవాబు వస్తుందని పదికి ఒకటి పందెం కాయాలంటే కనీసం నాలుగు పరీక్షలు చేయాలన్నాడు. నూరు శాతం నిశ్చయం కోసం ఎదురుచూడలేదు. ఎంత నిశ్చయానికి ఎంత ఖర్చు పెట్టవచ్చో తేల్చాడు.

ఆ తర్వాత కంపెనీ ఆయన్ని లండన్‌లో కార్ల్ పియర్సన్ ప్రయోగశాలకి పంపింది. అక్కడ తన సూత్రం నిలబడుతుందో లేదో పరీక్షించుకున్న తీరు ముచ్చటగా ఉంటుంది. కంప్యూటర్లు లేని రోజులు. ముగ్గురు కాదు, ముప్ఫైమంది కాదు, మూడు వేలమంది నేరస్థుల ఎత్తు, ఎడమచేతి మధ్యవేలి పొడవు కొలిచిన పట్టిక ఒకటి అప్పటికే అచ్చులో ఉంది. ఒక్కొక్కరి కొలతలు ఒక్కో అట్టముక్క మీద రాశాడు. మూడు వేల ముక్కల్నీ బాగా కలిపాడు. ఒక్కొక్కటీ తీస్తూ వచ్చిన వరసలోనే నాలుగేసి చొప్పున విడదీశాడు. 750 గుంపులు వచ్చాయి. ఒక్కో గుంపు సగటు, చెదురుదనం లెక్కగట్టి, తన సూత్రం చెప్పినదానితో పోల్చి చూసుకున్నాడు. రెండూ బాగానే కలిశాయి. 1908లో ‘బయోమెట్రికా’ పత్రికలో వ్యాసం వచ్చింది. ఉద్యోగులు సొంతపేరుతో అచ్చువేయకూడదని కంపెనీ నియమం. అందుకని రచయిత పేరు ‘స్టూడెంట్’ అని పడింది. ఎంబీఏ విద్యార్థులు పరీక్ష కోసం బట్టీపట్టే స్టూడెంట్స్ టీ టెస్ట్ అదే. బీరు పీపాల మధ్య పుట్టిన సూత్రమని క్లాసులో ఒక్క మాట చెబితే కొంతమందైనా నిద్రపోకుండా వినేవారు.

చిన్న శాంపిల్ ఎంత మోసం చేయగలదో చూడటానికి పెద్ద గణితం అక్కర్లేదు. కొత్తరకం కారప్పూస పదిమందికి రుచి చూపిస్తే ఏడుగురు పాతదానికన్నా బాగుందన్నారు. డెబ్భై శాతం! వెంటనే ప్యాకెట్లు అచ్చువేయించాలనిపిస్తుంది. కానీ రెండు రకాలూ జనానికి సమానమే అనుకుందాం. అప్పుడు ఒక్కొక్కరి జవాబూ నాణెం ఎగరేసినట్టే. పది నాణేలు ఎగరేస్తే ఏడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ బొమ్మ పడటం వందకి 17 సార్లు జరుగుతుంది. దాదాపు ఆరింట ఒకసారి. అదే వందమందిని అడిగితే డెబ్భైమంది బాగుందన్నారంటే అది నాణెం పని కాదు. రెండుచోట్లా శాతం డెబ్భయ్యే. చార్టులో పట్టీ ఎత్తూ ఒకటే. ఆ పట్టీ కింద ఎంతమందిని అడిగారో రాయకపోతే చూసేవాడికి తేడా తెలిసే దారి లేదు.

చిన్న శాంపిళ్ల కథలో మన తెలుగువాడికి పెద్ద చోటుంది. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగళిలో పుట్టారు. తండ్రి బదిలీల వల్ల గూడూరు, నూజివీడు, నందిగామలలో చదువుకుని విశాఖపట్నం చేరారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేశాక సైన్యం సర్వే విభాగంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందని కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. దిగిన హోటల్లో పరిచయమైన ఒకాయన, మహలనోబిస్ సంస్థలో శిక్షణ కోసం వచ్చానని చెప్పాడు. రావు గారు వెళ్లి చూసి, 1941 జనవరిలో అక్కడే చేరిపోయారు. రెండు మూడేళ్ల తర్వాత పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి ప్రశ్న వేశాడు. ఈ ఫలితం పెద్ద శాంపిల్‌కి సరే, చిన్న శాంపిల్‌కి కూడా నిరూపించగలరా? ఆ విద్యార్థి పేరు వి.ఎం. దాండేకర్. భారతదేశంలో పేదరికంపై అధ్యయనాలతో తర్వాత పెద్ద ఆర్థికవేత్తగా పేరు తెచ్చుకున్నారు. రావు గారు ఆ రాత్రి కూర్చుని జవాబు తేల్చి మర్నాడు క్లాసులో చెప్పారు. 1945లో అచ్చయిన ఆ ఫలితం క్రామర్-రావు హద్దుగా లోకమంతా తెలిసింది. ఎటూ మొగ్గకుండా ఎంత తెలివిగా అంచనా వేసినా అందులో మిగిలే అనిశ్చితి ఇంతకన్నా తగ్గదని చెప్పే అడుగు హద్దు అది. 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఆయనకి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

చార్టుల్లో మోసాల సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఎక్కువ అక్కర్లేదు, ఒక్కటి పట్టుకుంటే మిగతావి అవే తెలుస్తాయి. నిరుడు అమ్మకాలు 96 లక్షలు, ఈ ఏడు కోటి. పెరుగుదల నాలుగు శాతం పైచిలుకు. పట్టీలు సున్నా నుంచి మొదలెడితే రెండూ ఇంచుమించు సమానంగా కనిపిస్తాయి. అదే 95 లక్షల దగ్గర కోసేసి అక్కడినుంచి మొదలెడితే ఒక పట్టీ ఒక గడి ఎత్తు, రెండోది ఐదు గడులు. అమ్మకం ఐదింతలైందని కన్ను చెబుతుంది. పక్కన అంకెలు సరిగ్గానే రాసి ఉంటాయి, కాబట్టి అబద్ధం చెప్పారనీ అనలేం. పట్టీ పొడవునే కన్ను కొలుస్తుంది కాబట్టి బార్ చార్టు సున్నా దగ్గరే మొదలవ్వాలి. లైన్ గ్రాఫుకి ఆ పట్టింపు లేదు, అక్కడ చూసేది ఎగుడుదిగుళ్లని.

కన్ను దేన్ని సరిగా కొలుస్తుంది, దేన్ని కొలవలేదు అని అమెరికాలో బెల్ ల్యాబ్స్‌కి చెందిన విలియం క్లీవ్‌లండ్, రాబర్ట్ మెక్‌గిల్ ప్రయోగాలు చేసి 1984లో ప్రకటించారు. ఒకే కొలబద్ద మీద పక్కపక్కనున్న చుక్కల తేడాను మనిషి బాగా పట్టుకుంటాడు. కోణాల తేడాని, వైశాల్యాల తేడాని అంత బాగా పట్టుకోలేడు. పై చార్టులో తొమ్మిది ముక్కలు పెట్టి తొమ్మిది రంగులు పూసి, పక్కనే రంగుల జాబితా ఇస్తే చదివేవాడు ఆ జాబితాకీ బొమ్మకీ మధ్య తిరగడంతోనే అలసిపోతాడు. రెండు మూడు ముక్కలైతే ఫరవాలేదు. అయినా పై చార్టు మానుకోమంటే వినే మేనేజర్లు తక్కువ, గుండ్రంగా అందంగా ఉంటుంది మరి.

అంకెల్ని ఇలా చదవడం నేర్చుకోవాలనుకునేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి? హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల నిలబడి తలెత్తితే పవర్ బీఐ, టాబ్లో, పైథాన్ అన్న బోర్డులు ఆకాశం కనబడనివ్వవు. సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం తప్పేం కాదు, ఉద్యోగానికి అది కావాలి కూడా. చాలా కోర్సుల్లో ఉండే చిక్కేమిటంటే, ముందే శుభ్రం చేసి పెట్టిన డేటాతో పాఠం మొదలవుతుంది. ఏ దేశంలోదో ఒక సూపర్ మార్కెట్ లెక్కలు ఇస్తారు. మౌస్‌తో లాగి వదిలితే రంగురంగుల డాష్‌బోర్డ్ తయారవుతుంది. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు చేతికొచ్చే ఎక్సెల్ ఫైలు అలా ఉండదు. విజయవాడ ఒకచోట విజయవాడే, ఇంకోచోట బెజవాడ, మరోచోట బీజడ్ఏ. మూడింటినీ కంప్యూటరు మూడు ఊళ్లుగా లెక్కిస్తుంది. తేదీ ఐదు బై ఏడు అని ఉంటే మే ఏడో తారీకో జూలై ఐదో తారీకో తెలియదు. వెనక్కొచ్చిన సరుకు ఒక బ్రాంచి మైనస్ గుర్తుతో రాస్తుంది, ఇంకో బ్రాంచి అసలు రాయదు. ఈ చెత్త ఏరుకునే ఓపిక ఏ సర్టిఫికెట్టూ ఇవ్వదు.

అందుకని మొదలెట్టడానికి సొంత కొట్టుదో, బాబాయి మెడికల్ షాపుదో, తెలిసినవాళ్ల టిఫిన్ సెంటరుదో లెక్క తీసుకోవడం మేలు. టాలీలో పద్దులు రాసేవాళ్లు వాటిని ఎక్సెల్‌లోకి తెచ్చుకోవచ్చు. యూపీఐ వచ్చాక చిన్న బండికి కూడా ఏ నిమిషానికి ఎంత వచ్చిందో లెక్క మిగులుతోంది. ఒక అమ్మకానికి ఒక వరస చొప్పున పెట్టి పివట్ టేబుల్ వేస్తే ఏ గంటలో గిరాకీ, ఏ వారంలో మందకొడి అన్నది అరగంటలో బయటపడుతుంది. ఆ టిఫిన్ సెంటరు నడిపేవాళ్లకి చూపిస్తే ఇందులో సగం మాకు తెలిసిందేగా అంటారు. మిగతా సగం దగ్గర ఆగిపోతారు. నేర్చుకునేవాడికి అక్కడే పని మొదలవుతుంది.

పండగల లెక్క ఇంకో తంటా. 2023లో దీపావళి నవంబర్ 12న వచ్చింది. 2024లో అక్టోబర్ 31న. బట్టల కొట్టూ మిఠాయి కొట్టూ ఈ రెండేళ్ల అక్టోబర్లనీ నవంబర్లనీ పక్కపక్కన పెట్టి పోలిస్తే 2024లో వ్యాపారం విరగబడి పెరిగినట్టూ, నవంబర్‌లో కుప్పకూలినట్టూ కనిపిస్తుంది. జరిగిందల్లా పండగ నెల మారడమే. 2023లో అధిక శ్రావణం కూడా వచ్చింది. ముహూర్తాలు వెనక్కి జరిగాయి, వరలక్ష్మీ వ్రతం ఆగస్టు చివరికి పోయింది. పెళ్లి బట్టలూ బంగారమూ అమ్మేవాళ్లకి అది మామూలు ఏడాది కాదు. అమెరికాలో రెడ్మండ్ ఊళ్లో తయారైన పవర్ బీఐకి అధికమాసం అంటే ఏమిటో తెలియదు. తెలుగు పంచాంగం తెలిసినవాడు డేటాలో పండగ తేదీల వరస ఒకటి తనే చేర్చుకోవాలి.

ఇక అంకె ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అన్న ప్రశ్న. దీన్ని అన్నిటికన్నా ముందు అడగాలి, కోర్సుల్లో మాత్రం దాదాపు వినపడదు. రాధాకృష్ణారావు గారు తన ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ పుస్తకంలో చెప్పిన ఒక ఉదంతం దీనికి బాగా సరిపోతుంది. 1947. దేశ విభజన నాటి అల్లర్లలో ఢిల్లీలో అల్పసంఖ్యాక వర్గం వారు వేలాదిగా ఎర్రకోటలో తలదాచుకున్నారు. ఇంకొంతమంది హుమాయూన్ సమాధి దగ్గర ఉన్నారు. వాళ్లకి తిండి పెట్టే బాధ్యత ప్రభుత్వానిది. సరుకుల సరఫరా కాంట్రాక్టర్లకి ఇచ్చారు. లోపల ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు. కాంట్రాక్టరు ఇంత బియ్యం, ఇంత పప్పు, ఇంత ఉప్పు పట్టిందని బిల్లు పెడితే కట్టడం తప్ప మార్గం లేదు. బిల్లులు చూస్తే గుండె గుభేలుమంటోంది. లోపలున్నవాళ్లని లెక్కపెట్టి చెప్పమని సాంఖ్యకుల్ని పిలిచారు.

ఆ పరిస్థితుల్లో కోటలోకి వెళ్లి తలలు లెక్కపెట్టే వీలు లేదు. వాళ్ల చేతిలో ఉన్నవల్లా ఆ బిల్లులే, అంటే ఎవరిమీద అనుమానమో వాళ్లిచ్చిన అంకెలే. ఒక మనిషి రోజుకి ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు తింటాడన్నది కుటుంబాల వినియోగ సర్వేల వల్ల తెలుసు. బియ్యం బిల్లుని తలసరి బియ్యంతో భాగిస్తే ఒక జనాభా వస్తుంది. పప్పుతో ఇంకొకటి, ఉప్పుతో మరొకటి. బిల్లులు నిజమైతే మూడూ ఇంచుమించు ఒకటే రావాలి. రాలేదు. బియ్యం లెక్కన వచ్చిన జనాభా అన్నిటికన్నా ఎక్కువ. ఉప్పు లెక్కన వచ్చినది అన్నిటికన్నా తక్కువ. బియ్యం ఖరీదైన సరుకు, ఎక్కువ రాస్తే గిట్టుబాటు. ఉప్పు ఆ రోజుల్లో కారుచౌక, దాన్ని పెంచి రాసి మిగుల్చుకునేదేముంది?

ఉప్పు లెక్కనే జనాభాగా తీసుకోమని ప్రభుత్వానికి చెప్పారు. ఈ ఉపాయం ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన జె.ఎం. సేన్‌గుప్తాది. అదే పద్ధతిని హుమాయూన్ సమాధి దగ్గరున్న చిన్న శిబిరానికీ వేసి చూశారు. అక్కడి జనం ఎంతమందో వేరే ఆధారాలతో తెలుసుకునే వీలుంది. ఉప్పు చెప్పిన సంఖ్య దానికి దగ్గరగానే వచ్చింది.